మహిళా సమానత్వ దినం: మన తేదీ ఏది?

ప్రతి ఏటా సెప్టెంబరు 5వ తేదీన మన కళాశాలల్లో గురుపూజోత్సవం జరుగుతుంది. డాక్టరు సర్వేపల్లి రాధాకృష్ణన్ జన్మదినాన్ని 1962 నుంచి దేశమంతటా ఆ విధంగా జరుపుకుంటున్నాము. వేదిక మీద పటం, పటానికి దండ, ఇద్దరు ముగ్గురు పెద్దల ఉపన్యాసాలు, పదవీ విరమణకు దగ్గరపడిన అధ్యాపకులకు శాలువాలు. ఇదంతా అందరికీ తెలిసిన తంతే. అయితే ఆంధ్రప్రదేశ్ శాసనాలలో అదే తేదీకి ఇంకొక ప్రాముఖ్యం వున్నదని ఆ సభల్లో ఎవరూ చెప్పగా వినలేదు. హిందూ కుటుంబంలో పుట్టిన ఆడపిల్లకు తాతతండ్రుల ఆస్తిలో మగపిల్లవాడితో పాటు పుట్టుకతోనే సమానమైన హక్కు ఈ రాష్ట్రంలో లెక్కకు వచ్చినది 1985 సెప్టెంబరు 5 నుంచి.

ఈ వ్యాసం ఆ తేదీని గురించి. కాని అక్కడికి తిన్నగా పోవడానికి వీలులేదు. ప్రభుత్వం ఒక దినాన్ని గుర్తించడం వేరు, ఒక హక్కును గుర్తించడం వేరు. ఈ రెంటినీ ఒకటిగా అనుకోవడం మనకు అలవాటయిపోయింది. మార్చి 8 వచ్చిందంటే చాలు, స్త్రీలకు ఏదో ఇచ్చేసినట్లే మాట్లాడతాము. కనుక ముందు ఈ దినాల పుట్టుపూర్వోత్తరాలు కొంచెం చూడాలి.

'మహిళా సమానత్వ దినం' అనే పేరుతోనే ప్రభుత్వ పక్షాన ఒక రోజు వున్న దేశం అమెరికా. ఆ రోజు ఆగస్టు 26. స్త్రీల ఓటు హక్కుకు సంబంధించిన 19వ సవరణ రాజ్యాంగంలో చేరినట్లు 1920లో అదే తేదీన అక్కడి విదేశాంగ మంత్రి ధ్రువీకరించి సంతకం చేశాడు. అంతకు ఎనిమిది రోజుల ముందు టెనెసీ రాష్ట్ర శాసనసభలో ఆ సవరణ చావు తప్పి కన్ను లొట్టబోయినట్లుగా గట్టెక్కింది. హారీ బర్న్ అనే 24 ఏళ్ల సభ్యుడు తల్లి వ్రాసిన ఉత్తరం చదువుకుని చివరి నిమిషంలో మనసు మార్చుకున్నాడు. ఆ తరువాత ఏభై ఏళ్లకు, 1971లో, బెల్లా అబ్జుగ్ అనే సభ్యురాలు ఆ తేదీని ప్రభుత్వం గుర్తించాలని అక్కడి పార్లమెంటులో తీర్మానం పెట్టింది. 1973లో అది నెగ్గింది. అధ్యక్షుడు నిక్సన్ ప్రకటన చేశాడు.

ఇంతవరకూ బాగానే వుంది. చిత్రమేమిటంటే, స్త్రీ పురుషులకు చట్టంలో అన్నివిధాలా సమాన హక్కులు వుండాలనే ఇంకొక రాజ్యాంగ సవరణను ఆ పార్లమెంటే 1972లో ఆమోదించి రాష్ట్రాలకు పంపింది. 38 రాష్ట్రాలు ఒప్పుకుంటే అది రాజ్యాంగమయ్యేది. పెట్టిన గడువు, పొడిగించిన గడువు కూడా దాటిపోయి 1982 జూన్ వచ్చేసరికి ఒప్పుకున్నవి 35. అంటే సమానత్వ దినం రెండేళ్లలో వచ్చింది, సమానత్వపు సవరణ గడువులోగా రానే లేదు. దినం ఇవ్వడానికి ఎవరి చేతిలోనిదీ తీసుకోనక్కరలేదు గదా!

మార్చి 8 కథ దీనికి భిన్నం. 1910లో కోపెన్‌హేగన్‌లో జరిగిన సోషలిస్టు మహిళల మహాసభలో క్లారా జెట్కిన్ మొదలైనవారు ప్రతిపాదించగా పుట్టిన దినమిది. 1917లో రష్యా రాజధాని పెట్రోగ్రాడ్‌లో మిల్లుల్లో పనిచేసే ఆడవాళ్లు రొట్టె కోసం వీధిలోకి వచ్చిన రోజు, మన కేలండరు ప్రకారం, మార్చి 8. వారం తిరిగేసరికి జారు సింహాసనం దిగాడు. ఆ విధంగా తేదీ స్థిరపడింది. ఐక్యరాజ్యసమితి 1975ను అంతర్జాతీయ మహిళా సంవత్సరంగా జరిపి, 1977లో సర్వసభ్య సభ తీర్మానం ద్వారా ఈ దినాన్ని గుర్తించింది. ఆ తీర్మానం మార్చి 8నే జరపమని ఏ దేశాన్నీ బలవంతపెట్టలేదు. ఆయా దేశాలు తమ చరిత్రను బట్టి, సంప్రదాయాలను బట్టి ఏ తేదీనైనా ఎన్నుకోవచ్చునన్నది. ఈ వెసులుబాటును మనమెవ్వరం అంతగా పట్టించుకోలేదు.

మన దేశంలో ఫిబ్రవరి 13ను జాతీయ మహిళా దినంగా జరుపుతారు. అది 1879లో హైదరాబాదులో పుట్టిన సరోజినీ నాయుడి జన్మదినం. 1917 డిసెంబరులో మద్రాసు వచ్చిన భారతమంత్రి మాంటేగు దగ్గరకు, స్త్రీలకు ఓటు ఇవ్వాలని అడగడానికి మహిళల ప్రతినిధి వర్గాన్ని నడిపించింది ఆమే. తెల్లదొరలు తామేమీ తేల్చక, ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రపు కౌన్సిలే నిర్ణయించుకోవచ్చునని వదిలేశారు. అప్పుడు బ్రిటిషు పాలిత రాష్ట్రాలలో అందరికన్న ముందు సరేనన్నది మద్రాసు లెజిస్లేటివ్ కౌన్సిలు, 1921లో. గోదావరి, కృష్ణా జిల్లాలు అప్పుడు మద్రాసు రాష్ట్రంలోనివే గనుక మన ముత్తవ్వల కాలానికే ఓటు వచ్చిందన్న మాట. అమెరికా సవరణ వచ్చిన మరుసటి సంవత్సరమే!

అయితే ఇందులో ఒక కిటుకు వుంది. ఆ రోజుల్లో ఓటు మనిషికి కాదు, ఆస్తికి. ఇంత శిస్తో, ఇంత పన్నో కట్టేవాళ్లకే ఓటు. శిస్తు కట్టే భూమి ఆడవాళ్ల పేర ఎన్ని ఇళ్లల్లో వుంటుంది? పుట్టింటివారు భూమి ఇవ్వరు, భూమి లేదని సర్కారు ఓటు ఇవ్వదు. చట్టం ప్రకారం హక్కు వచ్చింది, ఓటర్ల జాబితాలో పేర్లు మాత్రం వేళ్లమీద లెక్కపెట్టదగినన్ని. ఆస్తితో నిమిత్తం లేకుండా వయసు వచ్చిన ప్రతివారికీ ఓటు అన్నది 1950లో మన రాజ్యాంగంతోనే వచ్చింది. అప్పుడైనా 1952 ఎన్నికల జాబితాలలో తమ పేరు చెప్పక "ఫలానావారి భార్య", "ఫలానావారి కూతురు" అని మాత్రమే వ్రాయించుకున్న దాదాపు 28 లక్షలమంది స్త్రీలను తొలగించవలసి వచ్చింది. వీరిలో ఎక్కువమంది ఉత్తరాది రాష్ట్రాలవారు.

దినాలు ఇవ్వడం ఇప్పటికీ జరుగుతూనే వుంది. 2025 జనవరిలో తెలంగాణ ప్రభుత్వం సావిత్రీబాయి ఫూలే జన్మదినమైన జనవరి 3ను మహిళా ఉపాధ్యాయ దినంగా అధికారికంగా జరపాలని ఉత్తర్వు ఇచ్చింది. మంచి పనే. ఆమె పుణేలో భర్తతో కలిసి ఆడపిల్లల బడి పెట్టినది 1848లో. మన కందుకూరి వీరేశలింగంగారు రాజమండ్రిలో పుట్టినదీ ఆ సంవత్సరమే.

వీరేశలింగంగారి పేరు ఎత్తాము గనుక దినానికీ హక్కుకూ మధ్యనున్న దూరం ఎంతటిదో ఇక్కడే చూడవచ్చు. హిందూ వితంతువుల పునర్వివాహ చట్టం 1856లో వచ్చింది. రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిగింది 1881 డిసెంబరు 11న. నడుమ ఇరవై అయిదేళ్లు. ఆ ఇరవై అయిదేళ్లూ చట్టం గెజిట్టులోనే వుంది. గోదావరి గట్టున ఎనిమిదేళ్లకు పెళ్లయి తొమ్మిదేళ్లకు తల చెడ్డ పిల్లలు అప్పుడూ వున్నారు. చట్టం వాళ్ల గుమ్మం దాకా రావడానికి ఒక మనిషి కావలసి వచ్చాడు. ఒక్కడే అయితే చాలలేదు కూడా. కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారు డబ్బు ఇచ్చారు. వెలి వేస్తామన్న భయంతో వంటవాళ్లు, నీళ్లు తెచ్చేవాళ్లు మానుకుంటే రాజ్యలక్ష్మమ్మగారు ఆ చాకిరీ అంతా నెత్తిన వేసుకున్నారు. పంతులుగారి శిష్యులు, అంటే నాటి కాలేజీ కుర్రాళ్లు, పెళ్లింటికి కాపలా కాశారు. మన విద్యార్థి సంఘాలు చెప్పుకోదగిన పూర్వచరిత్ర ఇది. ఎందుకనో చెప్పుకోము.

ఆ 1856 చట్టంలోనే ఇంకొక మాట వున్నది, అది ఉపన్యాసాలలో రాదు. మళ్లీ పెళ్లి చేసుకున్న వితంతువు చనిపోయిన భర్త ఆస్తిలో తనకున్న హక్కు వదులుకోవాలి, ఆమె చనిపోయినట్లే లెక్కవేసి ఆ ఆస్తి తరువాతి వారసులకు పోతుంది. కుడి చేత్తో పెళ్లి ఇచ్చి ఎడమ చేత్తో పొలం తీసుకున్నారు. ఆడవాళ్ల హక్కుల చరిత్రలో ఎక్కడ తవ్వినా చివరికి పొలం గట్టే తగులుతుంది. మన డెల్టాలో అయితే మరీను. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట కట్టి కాలవలు తీసిన తరువాత ఇక్కడ ఎకరం అంటే ఉత్త నేల కాదు, పరువు, పెళ్లి సంబంధం, పిల్లల చదువు, పంచాయతీలో కుర్చీ, అన్నీను.

రాజమండ్రిలోనే 1909లో పుట్టిన దుర్గాబాయి (తరువాత దేశ్‌ముఖ్) ఈ సంగతి బాగా గుర్తించిన మనిషి. ఎనిమిదో ఏట పెళ్లి చేశారు, పెద్దయ్యాక ఆ పెళ్లిని కాదన్నది. 1923లో కాకినాడ కాంగ్రెసు సందర్భంగా ఖద్దరు ప్రదర్శనశాల గుమ్మంలో వాలంటీరుగా నిలబడి టిక్కెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూనే ఆపేసిన పిల్ల ఆమె అని అందరూ చెప్పుకుంటారు. ఆ కథ ఎంత ముచ్చటైనదయినా, ఆమె రాజ్యాంగ సభ సభ్యురాలన్న సంగతి మనకు అంతకన్న ముఖ్యం. హిందూ స్త్రీల వివాహం, విడాకులు, వారసత్వం అన్నీ ఒక చోట చేర్చిన హిందూ కోడ్ బిల్లు ఆ రోజుల్లోనే వచ్చింది. ఎంత గొడవ జరిగిందంటే, దాన్ని పక్కన పెట్టారన్నది ముఖ్యకారణాలలో ఒకటిగా చెప్పి న్యాయశాఖ మంత్రి డాక్టరు అంబేద్కర్ 1951లో రాజీనామా ఇచ్చారు. తరువాత ఆ బిల్లు ముక్కలు ముక్కలుగా నాలుగు చట్టాలైంది. అందులో ఒకటి 1956 నాటి హిందూ వారసత్వ చట్టం.

ఇక్కడ నుంచి కొంచెం లెక్క. లెక్కంటే విసుగు పుట్టే మిత్రులు కూడా ఈ ఒక్కదాన్ని కాగితం మీద వేసుకుని చూడండి. ఇందులో కష్టమేమీ లేదు, భాగారాలే.

డెల్టాలో ఒక కుటుంబం. తండ్రి, తల్లి, ఇద్దరు ఆడపిల్లలు, ఒక కొడుకు. పన్నెండు ఎకరాల పల్లం, అంతా తాతలనాటిది. కొడుక్కి ఇంకా పిల్లలు లేరు. తండ్రి వీలునామా వ్రాయకుండా చనిపోయాడు.

ఆ భూమి తండ్రి తన కష్టంతో కొన్న స్వార్జితమయితే గొడవే లేదు. 1956 చట్టమే తల్లికి, కొడుక్కి, ఇద్దరు కూతుళ్లకు తలా మూడు ఎకరాలు సమానంగా ఇచ్చింది. ఇది చాలామందికి తెలియదు. కాని పిత్రార్జితం దగ్గరకు వచ్చేసరికి పాత పద్ధతిని అట్టే వుంచారు. సమష్టి కుటుంబపు ఆస్తిలో కొడుకు పుట్టగానే హక్కుదారు, కూతురు కాదు. కనుక తండ్రి పోయేముందు తండ్రీ కొడుకులు పంచుకున్నట్లు ఊహించుకోవాలి. పన్నెండులో కొడుక్కి ఆరు, తండ్రికి ఆరు. తండ్రి తాలూకు ఆ ఆరు ఎకరాలు మాత్రం తల్లి, కొడుకు, ఇద్దరు కూతుళ్లు, నలుగురూ సమానంగా పంచుకోవాలి, తలా ఎకరం 50 సెంట్లు. మొత్తం మీద కొడుక్కి ఏడెకరాల 50 సెంట్లు. కూతురుకి ఎకరం 50 సెంట్లు. తల్లికీ అంతే. అయిదు రెట్ల తేడా, అది కూడా సమానత్వం వ్రాసిన రాజ్యాంగం వచ్చిన ఆరేళ్లకు చేసిన చట్టం కింద.

దీన్ని మార్చినది ఎన్.టి.రామారావుగారి ప్రభుత్వం. కేరళ 1975లో అసలు సమష్టి కుటుంబ పద్ధతినే ఎత్తివేసింది గాని, ఆ పద్ధతిని వుంచి అందులో కూతురును కూడా పుట్టుకతో హక్కుదారుగా చేర్చిన మొదటి రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. తరువాత తమిళనాడు 1989లోను, మహారాష్ట్ర, కర్ణాటక 1994లోను ఇదే బాట పట్టాయి. మన చట్టం 1986లో 13వ నంబరు చట్టంగా అచ్చయింది. 1985 సెప్టెంబరు 5 నుంచే అమలులోకి వచ్చినట్లు భావించాలని అందులోనే వ్రాశారు. ఈ రాష్ట్రంలో స్త్రీ సమానత్వానికి ఇంత ఖచ్చితమైన పుట్టినతేదీ ఇంకొకటి లేదు. పుట్టినతేదీ అన్నాను గాని, ఇది ఒక గీత కూడా. ఆ తేదీకి ముందే పెళ్లయిపోయిన కూతురుకు ఇది వర్తించదని, అప్పటికే జరిగిపోయిన పంపకాలను తిరగతోడడానికి వీలులేదని అదే చట్టంలో వ్రాశారు.

ఇప్పుడు మన పన్నెండు ఎకరాలు మళ్లీ తీయండి. పెద్దపిల్లకు 1985 వైశాఖంలో పెళ్లి చేశారు. చిన్నపిల్ల ఇంకా కాలేజీలో చదువుతున్నది. తండ్రి 1990లో చనిపోయాడు. పుట్టుకతో హక్కుదారులు ఇప్పుడు ముగ్గురు. తండ్రి, కొడుకు, చిన్న కూతురు. తలా నాలుగు ఎకరాలు. తండ్రి తాలూకు నాలుగు తల్లికి, కొడుక్కి, పెద్ద కూతురికి, చిన్న కూతురికి ఒక్కొక్కటి. కొడుక్కి అయిదు, చిన్నపిల్లకు అయిదు. పెద్దపిల్లకు ఒకటి.

జాగ్రత్తగా చూడండి. పాత చట్టం ప్రకారం పెద్దపిల్లకు ఎకరం 50 సెంట్లు రావలసింది. ఆడవాళ్ల సమానత్వం కోసమే చేసిన కొత్త చట్టం ప్రకారం ఎకరమే వచ్చింది! తల్లికీ ఏభై సెంట్లు తగ్గింది. చెల్లెలికి పెరిగినదంతా అన్న దగ్గరనుంచే రాలేదు, అక్క దగ్గరనుంచి, అమ్మ దగ్గరనుంచి కూడా కొంత వచ్చింది. నాలుగు నెలల తేడాలో ఒక ముహూర్తం వల్ల ఒకే కడుపున పుట్టిన అక్కాచెల్లెళ్ల మధ్య నాలుగు ఎకరాలు. పంచాంగం చూసి పెళ్లి పెట్టిన సిద్ధాంతిగారికి గెజిట్టు చూడడం తెలియదు పాపం.

ఈ గీత ఎందుకు గీశారు? పెళ్లయిన పిల్లకు కట్నం కింద ఇవ్వవలసినది ఇచ్చేశాము, మళ్లీ వాటా ఏమిటి అన్నది వాదన. డెల్టాలో కట్నం కింద, పసుపు కుంకుమల కింద ఎకరమో రెండెకరాలో వ్రాసి ఇవ్వడం వున్నమాట నిజమే. 1961లో వరకట్న నిషేధ చట్టం వచ్చి కట్నం నేరమన్నది. నేరంగా ఇచ్చిన దాన్ని వాటా కింద జమ కట్టుకోవచ్చునని చెప్పడం ఏమి న్యాయమో నాకు బోధపడదు. పైగా ఆ కట్నం పెద్దపిల్ల చేతికి వచ్చిందా, అత్తవారి చేతికి పోయిందా అన్నది ఎవరూ అడగలేదు.

దేశం మొత్తానికి ఈ మార్పు 2005లో వచ్చింది. సెప్టెంబరు 9 నుంచి అమలు. పెళ్లి గీత చెరిపేశారు. దాని బదులు ఇంకొక గీత వచ్చింది. 2004 డిసెంబరు 20కి ముందు జరిగిన పంపకాలు, అమ్మకాలు చెల్లుతాయి. పంపకమంటే రిజిస్టరయిన దస్తావేజు గాని కోర్టు డిక్రీ గాని వుండాలి. ఆ తరువాత పదిహేనేళ్లు కోర్టులలో ఒకే ప్రశ్న. 2005 నాటికి తండ్రి బతికి వుండాలా, అక్కరలేదా? ఒక బెంచి వుండాలన్నది, ఇంకొక బెంచి అన్నట్లే అని అనలేదన్నది. చివరకు 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. హక్కు పుట్టుకతో వచ్చినది, తండ్రి బతికి వున్నాడా లేదా అన్నదానితో పని లేదు. తండ్రి పోయినప్పుడు ఊహించుకున్న పంపకం వాటా కట్టడానికే గాని, నిజంగా పంచుకున్నట్లు కాదు. నోటిమాట పంపకాలు జరిగిపోయాయని చెబితే చాలదు, ప్రభుత్వ కాగితాల ఆధారం గట్టిగా వుండాలి.

కనుక మన పన్నెండు ఎకరాలు 2004 చివరి దాకా రిజిస్టరు పంపకం జరగకుండా వుండివుంటే పెద్దపిల్ల కూడా లెక్కలోకి వస్తుంది. తండ్రి, కొడుకు, ఇద్దరు కూతుళ్లు తలా మూడు. తండ్రి మూడు ఎకరాలు మళ్లీ నలుగురికి 75 సెంట్ల చొప్పున. పిల్లలు ముగ్గురికీ మూడెకరాల 75 సెంట్లు. పెద్దపిల్ల వాటా నడిచిన దారి ఇది. ఎకరం 50 సెంట్లు, తరువాత ఎకరం, తరువాత మూడెకరాల 75 సెంట్లు. ఆమె చేసినదేమీ లేదు. తేదీలు మారాయి, అంతే.

మరి తల్లి? ఎకరం 50 సెంట్లు, తరువాత ఎకరం, ఇప్పుడు 75 సెంట్లు. పిల్లలందరూ సమానమవుతున్న కొద్దీ ఆమెది తరుగుతూ వచ్చింది. కూతురుగా పుట్టింట్లో ఆమెకూ వాటా వుండాలి గదా అంటారు. నిజమే, కాని ఆమె పుట్టింటి పంపకం ఎప్పుడో జరిగిపోయి వుంటుంది, రిజిస్టరు కూడా అయి వుంటుంది. ఏ గీతకూ ఇవతల పడని తరం వాళ్లది. స్వార్జితంలో తల్లి పిల్లలతో సమానమయినప్పుడు పిత్రార్జితంలో ఎందుకు కాదు అన్న ప్రశ్నను 1985లోను, 2005లోను కూడా దాటవేశారు. లా చదివే మిత్రులు ఎవరయినా దీన్ని పట్టుకుని వ్రాస్తే బాగుంటుంది. (ముస్లిముల, క్రైస్తవుల వారసత్వ చట్టాలు వేరు గనుక ఇక్కడ ఆ ప్రసక్తి తేలేదు.)

అమలు తేదీ అన్నదాన్ని ఇంతగా పట్టుకుని వేలాడడం చాదస్తమని కొందరికి అనిపించవచ్చు. 2023 సంగతి చూడండి. లోక్‌సభలో, శాసనసభల్లో మూడోవంతు స్థానాలు స్త్రీలకు కేటాయించే రాజ్యాంగ సవరణ ఆ సెప్టెంబరులో పార్లమెంటులో నెగ్గింది. సెప్టెంబరు 28న రాష్ట్రపతి ఆమోదం వచ్చింది. మిఠాయిలు పంచారు. కాని చట్టం వచ్చిన తరువాత జరిగే మొదటి జనగణన, దాని మీద నియోజకవర్గాల పునర్విభజన అయ్యాకనే ఆ కేటాయింపు అని అందులోనే వ్రాసుకున్నారు. అంటే పండుగ తేదీ చెప్పారు, అమలు తేదీ చెప్పలేదు. దీనికి భిన్నంగా పంచాయతీలలో మూడోవంతు కేటాయింపు తెచ్చిన 73వ సవరణకు 1993 ఏప్రిల్ 24 అని ఖచ్చితమైన తేదీ వుంది. మన జిల్లాల్లో ఆడవాళ్లు సర్పంచి కుర్చీలో కూర్చున్నది ఆ తేదీ బలం వల్లనే. కొన్నిచోట్ల కుర్చీ ఆమెది, పెత్తనం ఆయనదీ అన్నది వేరే వ్యాసం.

సెప్టెంబరు 5ను ఎందుకు ఎవరూ గుర్తుపెట్టుకోలేదు అన్నదానికి నాకు తోచిన కారణం ఒకటే. మార్చి 8న ఎవరూ ఏమీ వదులుకోనక్కరలేదు. సెప్టెంబరు 5ను ఊళ్లో మైకు పెట్టి జరిపితే ప్రతి ఇంట్లోను అన్నదమ్ములు కంగారుపడాలి. అందుకనే ఆ తేదీ వేదికల మీద కాకుండా సబ్ రిజిస్ట్రారు ఆఫీసుల వరండాలలో బతుకుతున్నది. అక్కడికి వెళ్లి ఒక గంట కూర్చుంటే చాలు. పట్నంలో వుండే తమ్ముడు పొలం అమ్ముతున్నాడు. కొనేవాడి తరఫు ప్లీడరు ఆడపిల్లల సంతకాలు కూడా కావాలన్నాడు. అక్కను కారులో తీసుకువస్తారు, దారిలో కాఫీ ఇప్పిస్తారు. "ఏం లేదక్కా, ఊరికే ఫార్మాలిటీ" అంటారు. ఆమె చదవదు. చదివినా అడగదు. అడిగితే, "ఏమే అమ్మాయీ, పుట్టిల్లు కావాలా, పొలం కావాలా?" అనడానికి ఇంట్లో పెద్దవాళ్లు సిద్ధంగా వుంటారు. రేపు అత్తవారింట్లో మాట పడితే వచ్చి తలదాచుకోవడానికి ఆ గడపే గదా అని ఆమె భయం. మూడెకరాల 75 సెంట్ల మీద ఒక సంతకం, బొటనవేలి ముద్ర, దానికి బదులు ఒక పట్టుచీర.

ఆ కాగితం పేరు హక్కు విడుదల దస్తావేజు. ఇష్టపూర్వకంగా వ్రాసి రిజిస్టరు చేయించినదయితే 2005 చట్టం గాని 2020 తీర్పు గాని దాన్ని తిరిగి తెరవవు. మోసమో బలవంతమో జరిగిందని రుజువు చేయగలిగితే వేరు, అది కూడా గడువులోగా కోర్టుకు వెళితేనే. కనుక మన కాలేజీలో చదువుకుంటున్న అమ్మాయిలు, ఎప్పుడయినా ఎవరయినా సంతకం అడిగితే, మొదటి పేజీలో ఆ దస్తావేజుకు ఏమని పేరు పెట్టారో చూడాలి. తరువాత షెడ్యూలు చూడాలి. సర్వే నంబర్లు, ఎకరాలు, సెంట్లు అందులో వుంటాయి. అది పిత్రార్జితమా, స్వార్జితమా అన్నది పై పేరాలలో వుంటుంది. నకలు అడిగి తీసుకోవాలి. ఇవన్నీ చూసుకుని, అయినా తమ్ముడికి వదిలేద్దామని ఆమెకే అనిపిస్తే, అప్పుడు పెట్టేది ఆమె సంతకం.